మన ఇంటి బిడ్డ దుఃఖం - మన ధమ్మం





తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీలకు మన పేటల పిల్లలు పొద్దున్నే రైళ్లలో, బస్సుల్లో వెళ్తుంటారు. వాళ్లలో కొందరి మనసులో ఒక ప్రశ్న ఉంటుంది: "అందరూ నన్ను అబ్బాయి అంటున్నారు. లోపల నాకలా అనిపించడం లేదు. మరి నేనెవరిని?" అమ్మాయిగా పెరిగిన బిడ్డకూ ఇలాంటి ప్రశ్నే రావచ్చు. బయటికి చెబితే క్లాసులో "ఆడంగి" అంటారు. ఇంట్లో "నలుగురిలో తలెత్తుకోలేం" అంటారు. చివరికి ఆ బిడ్డ మాట్లాడటమే మానేస్తుంది.

దీనికీ ధమ్మానికీ సంబంధం ఏమిటని కొందరు అడుగుతారు. ధమ్మం మొదలయ్యేదే దుఃఖం దగ్గర. బుద్ధుడు దుఃఖం ఉందని చెప్పి ఊరుకోలేదు, దాని కారణం వెతకమన్నాడు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో ఈ అనుభవం మానసిక రుగ్మతల కింద లేదు. అంటే ఆ ప్రశ్న జబ్బు కాదు. నిద్ర పట్టకపోవడం, చదువు ఎక్కకపోవడం, బతకాలనిపించకపోవడం ఎక్కువగా ఎగతాళి వల్ల, దెబ్బల వల్ల, దాపరికం వల్ల, ఒంటరితనం వల్ల వస్తాయి. ఈ కారణాల్లో చాలావాటిని తగ్గించడం మన చేతిలో పనే.

పుట్టుకతో ఎవరూ నీచులు కారని వసల సుత్తంలో బుద్ధుడు బోధించాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో సమానత్వమూ ఉంది, ప్రాణులన్నిటి పట్ల దయా ఉంది. "పుట్టుకను బట్టి నీ చోటు ఇదీ" అని ఊరు మనతో అన్నప్పుడు మనం ఒప్పుకోలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఆ మాటకు ఎంత నెత్తురు ఖర్చయిందో ఈ ప్రాంతానికి తెలుసు. అదే మాట మనం మన బిడ్డతో అంటే దాన్ని పెంపకం అనగలమా?

"కులం మనుషులు కల్పించింది, ఆడా మగా ప్రకృతి కదా" అనొచ్చు. నిజమే, రెండూ ఒకటి కావు. కానీ శరీరం ఎలా ఉందన్నది ఒక ప్రశ్న, దాన్ని చూపి మనిషిని అవమానించొచ్చా అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి ధమ్మంలో జవాబు ఒక్కటే.

పండకులకు ఉపసంపద ఇవ్వకూడదన్న నియమం వినయ పిటకంలో ఉంది. దాన్ని దాచాల్సిన పని లేదు. అది సంఘంలో చేర్చుకోవడానికి పెట్టిన నియమమే తప్ప మనిషిని ద్వేషించడానికి ఇచ్చిన అనుమతి కాదు. అదే వినయంలో, ఒక భిక్షువుకు స్త్రీ లక్షణం ఏర్పడిన సంగతీ ఉంది. బుద్ధుడు ఆ వ్యక్తిని వెళ్లగొట్టలేదు. అదే ఉపసంపదతో, అదే ఉపాధ్యాయుడితో, గడిచిన వర్షావాసాల లెక్క పోకుండా భిక్షుణుల దగ్గరికి వెళ్లనిచ్చాడు. పురుష లక్షణం ఏర్పడిన భిక్షుణికీ అలాగే అనుమతించాడు.

2014 ఏప్రిల్ 15న నాల్సా కేసులో సుప్రీంకోర్టు, తన లింగ గుర్తింపును తానే చెప్పుకునే హక్కు మనిషికి ఉందని తీర్పిచ్చింది. ఆ గుర్తింపును "మార్చేస్తాం" అంటూ చేసే వైద్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. కాబట్టి బిడ్డను భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోవద్దు. "పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అని ఇంకో బిడ్డ బతుకునూ ఇందులోకి లాగొద్దు.

ఇక్కడా మధ్యమ మార్గం ఉంది. "నువ్వు ఫలానా" అని మనం తొందరపడి తేల్చొద్దు, "కాదు" అని అణచొద్దు. జవాబు దొరకడానికి కొన్నేళ్లు పట్టొచ్చు. అందాకా అన్నం, ఫీజు, ప్రేమ ఆగకూడదు. చెప్పింది వినాలి. బిడ్డ అనుమతి లేకుండా ఆ సంగతి బంధువులకు చేరవేయకూడదు. సమ్యక్ వాక్కు అంటే ఇది కూడా. చనిపోవాలని ఉందంటే బెదిరింపు అని కొట్టిపారేయకుండా పక్కనే ఉండాలి, టెలి మానస్ 14416కు ఫోన్ చేయాలి. అది ఉచితం, ఎప్పుడైనా పలుకుతుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు.

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలోనే భట్టిప్రోలు స్తూపం ఉంది. అక్కడ దణ్ణం పెట్టుకోవడం సులువే. కానీ విరేచనాలతో పడి ఉన్న ఒక భిక్షువును తోటివాళ్లు పట్టించుకోనప్పుడు, బుద్ధుడు ఆనందుడితో కలిసి తన చేతులతో కడిగి పడుకోబెట్టాడు. నాకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయండన్నాడు. ఈ పిల్లలు రోగులు కారు. కానీ తోటివాళ్లు వదిలేస్తే పడే బాధ అదే. ఈ ఆదివారం విహారంలో మైత్రీ భావన చేసేటప్పుడు వాళ్లను తలచుకుందాం. ఇంటికెళ్లాక బిడ్డ చెప్పేది కూర్చుని విందాం.

జై భీమ్! నమో బుద్ధాయ!