ఊరు మారే ముందు

సినిమా హాల్లో ఉద్యోగం వచ్చిందని వరంగల్ నుంచి గురుగ్రామ్‌కో, విశాఖ నుంచి చండీగఢ్‌కో తట్టాబుట్టా సర్దుకునేవాళ్లు ముందుగా చూసేది జీతం. నన్నడిగితే, అంతకన్నా ముందు చూడాల్సింది చేతికొచ్చే పని. రీళ్ల కాలంలో ప్రొజెక్టర్ ఆపరేటర్ సంగతే తీసుకోండి. 2,000 అడుగుల రీలు సుమారు 22 నిమిషాల్లో అయిపోయేది. తెర కుడివైపు పైమూలన చుక్క కనబడగానే, చూసేవాడికి తెలియకుండా రెండో ప్రొజెక్టర్‌కు మారాలి. ఏళ్ల తరబడి అబ్బిన ఆ నేర్పు డిజిటల్ రాగానే అక్కరకు రాకుండా పోయింది. ఇప్పుడు సినిమా హార్డ్‌డిస్క్‌లోనో, ఉపగ్రహం ద్వారానో వస్తోంది. ఒక్క పనినే నమ్ముకుంటే ఏ ఊళ్లో ఉన్నా ముప్పే.

అలాంటప్పుడు సొంతూళ్లోనే ఉండొచ్చు కదా అంటారు. నిజమే కానీ, మన పట్టణాల్లో ఎన్నో పాత హాళ్లు ఫంక్షన్ హాళ్లయిపోయాయి. మల్టీప్లెక్సుల్లో పైకెదగాలంటే బదిలీ తప్పకపోవచ్చు. 2020 మార్చిలో దేశమంతా హాళ్లు మూతపడ్డాయి, మళ్లీ అలా జరిగితే పరాయి ఊళ్లో అద్దె ఎవరు కడతారని ఇంకొందరి ప్రశ్న. అది కొట్టిపారేయలేని మాట. అందుకే కొన్ని నెలల ఖర్చు చేతిలో ఉంచుకునే కదలాలి. ప్రొజెక్షన్, సౌండ్, టికెట్లు, క్యాంటీన్ లెక్కలు, వీటిలో రెండైనా నేర్పే హాలైతే నిక్షేపంగా వెళ్లండి. టార్చిలైటుతో సీట్లు చూపించడమే పనైతే, దానికి అంతదూరం పోనక్కర్లేదు.