పుట్టని లాభానికి పరిహారం న్యాయమేనా?

మాట తప్పినవాడు ఎదుటివాడి నష్టం పూడ్చాలన్నది అందరూ ఒప్పుకునే ధర్మమే. పాడైన వస్తువుకు వెల కట్టవచ్చు. కానీ ఒప్పందం సాగి ఉంటే వచ్చేదంటున్న లాభం ఎన్నడూ పుట్టలేదు. పుట్టనిదాన్ని పోగొట్టుకోవడం సాధ్యమా? వాణిజ్య వ్యాజ్యాల మూలంలో ఉన్న తాత్విక ప్రశ్న ఇదే.

భిలాయి వంటి ఊరికి ఈ ప్రశ్న చాలా దగ్గరిది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం అక్కడి ఉక్కు కర్మాగారానికి పునాది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశానికి రైలు పట్టాలు తయారుచేసి ఇచ్చే ఇలాంటి పెద్ద సంస్థ చుట్టూ చిన్న యూనిట్లు, కాంట్రాక్టర్లు బతుకుతారు. వర్క్ ఆర్డరు అన్యాయంగా రద్దయితే కాంట్రాక్టరుకు పోయింది అప్పటిదాకా పెట్టిన ఖర్చేనా, రావలసిన ఆదాయం కూడానా?

ఈ చిక్కు విప్పడానికి తర్కశాస్త్రం సాయపడుతుంది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం అభావాన్ని, అంటే లేమిని, నాలుగు విధాలుగా విభజించింది. వాటిలో రెండు ఇక్కడ పనికొస్తాయి. ఉన్నది నశించాక మిగిలే లేమి ప్రధ్వంసాభావం. వస్తువు పుట్టకముందున్న లేమి ప్రాగభావం. కుండ ప్రాగభావం ఆ కుండ కాబోయే మట్టిలోనే ఉంటుంది, ఎక్కడపడితే అక్కడ ఉండదు. పోయిన లాభమూ అంతే. చేతిలో ఆర్డరు, యంత్రాలు, పనివాళ్లు, పెట్టుబడి సిద్ధంగా ఉండి, ఎదుటివాడి తప్పు ఒక్కటే అడ్డుపడితే ఆ లాభానికి ఆధారం ఉన్నట్టు. కారణాలే లేనిచోట అది ఊహ మాత్రమే.

ధర్మశాస్త్రం కూడా ఈ దారినే నడిచింది. వెల పుచ్చుకొని సరుకు ఇవ్వని వర్తకుడు దాన్ని వృద్ధితో సహా ఇవ్వాలని, కొన్నవాడు పరదేశి అయితే తన దేశంలో అతనికి వచ్చే లాభం కూడా చెల్లించాలని యాజ్ఞవల్క్యస్మృతి విధించింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 73వ సెక్షన్ ఈ హక్కుకు హద్దులు గీసింది. ఉల్లంఘన వల్ల సహజంగా కలిగిన నష్టం, లేదా ఒప్పందం నాడే ఇరుపక్షాలకూ తెలిసిన నష్టం ఇప్పించవచ్చు. దూరపు, పరోక్ష నష్టం ఇప్పించరాదు. నష్టాన్ని తగ్గించుకునే మార్గాలు ఉన్నాయా అన్నదీ లెక్కలోకి తీసుకోవాలి. 1984లో బ్రిజ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పనుల కాంట్రాక్టులో లాభాపేక్ష సహజంగానే ఉంటుందని చెప్పి, మిగిలిన పని విలువలో 15 శాతం ఇప్పించింది. 2023లో యూనిబ్రోస్ కేసులో అదే కోర్టు, పోయిన లాభానికి నమ్మదగిన సాక్ష్యం తప్పనిసరి అంది.

లెక్క కట్టడంలోనూ ఈ విచక్షణ కావాలి. వ్యాపారం కొంతకాలం కుంటుపడితే, రాబడి తగ్గినంతలో తప్పిన ఖర్చులు తీసేసి మిగిలినదే నష్టం. వ్యాపారమే మూతపడితే దాని మొత్తం విలువ కట్టాలి. ఆస్తులు, అలాంటి వ్యాపారాలు అమ్ముడైన ధరలు, భవిష్యత్ ఆదాయపు నేటి విలువ ఇందుకు మూడు దారులు. రేపటి రూపాయి నేటి రూపాయికి సమానం కాదు గనుక, రాబడి ఎంత అనిశ్చితమైతే దాన్ని నేటి విలువకు కుదించే తగ్గింపు రేటు అంత పెరగాలి. విలువలోనే భావి లాభాలు ఇమిడి ఉంటాయి కాబట్టి, విలువనూ ఆ లాభాలనూ రెండింటినీ కోరడం ఒకే నష్టానికి రెండుసార్లు వసూలు చేయడమే.

కాబట్టి పుట్టని లాభానికి పరిహారం న్యాయమే, అది పుట్టడానికి కారణాలన్నీ సిద్ధంగా ఉన్నాయని రుజువైనంత మేరకే. అంతకు తగ్గిస్తే మాట తప్పినవాడికి లాభం, మించి ఇప్పిస్తే అతనికి అన్యాయం.