మొలవని గింజ

క్రిందటి వర్షాకాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరును వెళ్లిపోవుచుండగా, మన వరంగల్లులో ఒక ప్రాథమిక పాఠశాలలో మూడవ తరగతికి చదువు చెప్పు సహోదరి నన్ను వేపచెట్టు క్రింద నిలిపి, "అయ్యగారూ, నేను చేసింది పాపమా?" అని అడిగెను. ఆమె ముఖము చూచి ఏదో పెద్ద సంగతియే అనుకొంటిని. సంగతి ఒక చిక్కుడు గింజది.

ఆమె తరగతి పిల్లలు తలకొక కొబ్బరి చిప్ప తెచ్చి, మన్ను నింపి, ఒక్కొక్క గింజ నాటి, పేరు వ్రాసిన కాగితము అంటించి కిటికీ దగ్గర వరుసగా పెట్టిరట. వారము దాటకముందే మొలకలు వచ్చెను. ఒక్క పిల్లవాని చిప్పలో మాత్రము రాలేదు. వాడు ప్రతి ఉదయము అందరికంటె ముందు వచ్చి చిప్పమీదికి వంగి చూచును, నీళ్లు పోయును, మధ్యాహ్నము అన్నము తిని మరల పోయును. "టీచర్, నాదెందుకు మొల్వలే?" అని రోజూ అడుగును. తొమ్మిదవనాటి సాయంకాలము పిల్లలు వెళ్లిపోయిన తరువాత, ఆమె తన ఇంటివద్ద మొలచిన మొక్కనొకదానిని తెచ్చి ఆ చిప్పలో నాటెను. మరునాడు వాడు సంతోషముతో వేసిన కేక వరండా దాటి వినబడెనట. ఆ కేక విన్ననాటినుండి ఆమెకు నిద్ర లేదు.

ప్రేమతో చేసిన మోసము మోసమగునా? ఆ మాట విన్న పెద్దలలో ఒకరు వెంటనే ఐగుప్తులోని మంత్రసానులను జ్ఞాపకము చేసిరి. షిఫ్రా, పూయా అనువారు హెబ్రీ మగబిడ్డలను బ్రదుకనిచ్చి ఫరోతో వేరొక మాట చెప్పిరి గదా, దేవుడు వారికి మేలే చేసెను గదా అనిరి. నిజమే. గాని ఆ మాట చంపజూచువానితో చెప్పినది. ఇది నమ్మి చేయి చాపినవానికి చేసినది. ఫరోకు సత్యము తెలిసినయెడల ప్రాణములు పోవును. ఈ పిల్లవానికి తెలిసినయెడల ఒక పూట ఏడ్చును. ఈ రెంటిని ఒకే తక్కెడలో తూచుట నాకు సరిగా తోచలేదు.

చేతులతో చేసి నేర్చుకొనవలెనను మాట క్రొత్తది కాదు. స్విట్జర్లండు దేశపు పెస్టలోజీ, మాటకు ముందు వస్తువును పిల్లల యెదుట పెట్టుమనెను. 1937లో వార్ధా సభలో గాంధీగారు ఏదైన ఒక చేతిపని చుట్టు చదువంతయు అల్లవలెనని కోరిరి. నేడు మన పిల్లల పరిసరాల విజ్ఞానము పుస్తకము కూడ చేసి చూడుమనియే చెప్పును. అయితే ఈ పద్ధతియొక్క బలమెక్కడ నున్నది? నల్లబల్లమీద వ్రాసినప్పుడు పిల్లవాడు గురువును నమ్మును. మన్నులో గింజ పెట్టినప్పుడు గురువును పిల్లవాడును ప్రక్కప్రక్కన నిలిచి గింజ ఏమి చెప్పునో అని చూడవలెను. గింజకు ముఖస్తుతి తెలియదు. వీడెవరి కొడుకని అది అడుగదు. సాయంకాలము చీకటి మాటున గురువు వచ్చి గింజచేత తన మాట పలికించినయెడల, ఇక చిప్పలెందుకు, మన్నెందుకు? నల్లబల్లయే చాలును.

పైగా ఆ మొలవని గింజవద్ద చెప్పదగిన పాఠము మొలచినవాటికంటె ఎక్కువే యుండెను. గింజకు తడి కావలెను, గాలియు కావలెను. నీళ్లు మితిమీరినప్పుడు మంటి సందులలోని గాలి పోయి, గింజ ఊపిరాడక కుళ్లును. కొబ్బరి చిప్పకు అడుగున రంధ్రము లేదు. పోసిన నీరు పోసినట్లే నిలుచును. లోతుగా నాటినను, పురుగు తొలిచినదైనను, ఏండ్లకొలది డబ్బాలో నున్నదైనను మొలవకపోవచ్చును. వీటిలో ఏది కారణమో తెలిసికొనుటకు ఒక పుల్ల చాలును, మన్ను తీసి చూడవచ్చును. "వాడు రోజుకు నాలుగుసార్లు నీళ్లు పోసెటోడు, పాపం" అని ఆమెయే నాతో చెప్పెను. చెప్పుచున్నప్పుడే ఆమెకు సంగతి అర్థమైనదని కన్నులలో కనబడెను.

ఆమె పక్షముగా ఒక మాట చెప్పవలెను. ఆ పిల్లవాడు లెక్కలలోను చదువులోను వెనుకబడియున్నవాడు. ఇంటివద్ద పుస్తకము పట్టించువారు లేరు. అందరి యెదుట వాని పేరుగల చిప్ప ఒక్కటే బోడిగా నుండుట ఆమె ఓర్వలేకపోయెను. ఆ ఓర్వలేమిని నేను తప్పనను. తప్పు చిప్పలను పేర్లతో వరుసగా నిలుపుటలోనే యున్నదని నా తలంపు. అది పరీక్షయైపోయెను, ప్రయోగము కాలేదు. తలకు మూడు గింజలిచ్చి, నలుగురు పిల్లలకు ఒక తొట్టి యిచ్చి, ఒకరు ఎక్కువ నీళ్లు, ఒకరు తక్కువ పోసి చూడుడని చెప్పినచో, మొలవని గింజ ఎవరికిని అవమానము కాదు.

ఇదే ప్రశ్న విహారయాత్రలలో వేరొక వేషముతో వచ్చును. ఆ బడి పిల్లలను క్రిందటి చలికాలములో పాలంపేటలోని రామప్ప గుడికి తీసికొనిపోయిరి. (మన హనుమకొండలోనే 1163లో కట్టిన వేయిస్తంభముల గుడి నడచిపోవు దూరమున నుండగా 65 కిలోమీటర్లకు బస్సు ఎందుకో, డబ్బు కట్టలేని పిల్లలు ఆ దినము ఇంటనెందుకు ఉండవలెనో నాకు ఇంకను బోధపడలేదు.) రామప్ప గుడి 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినది, 2021లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినది. దాని గోపురపు ఇటుకలు నీటిమీద తేలునంత తేలికైనవని ప్రసిద్ధి. అది చెప్పగానే ఒక పిల్ల, "మీరు చూసిన్రా టీచర్?" అని అడిగెనట. ఇటుక తీసి నీటిలో వేయ వీలులేదు, వేయనుగూడదు. ఈ సహోదరియే, "నేను చూడలే బిడ్డా. చదివిన" అని చెప్పెను. ఆ దినమున ఆమె చక్కగా నిలిచెను.

తిరిగి వచ్చిన తరువాత పిల్లలు మట్టిలో ఊక కలిపి చిన్న ఇటుకలు చేసి, కుమ్మరి ఆవములో కాల్పించి నీళ్ల బకెటులో వేసిరి. బుడగలు వచ్చెను, ఇటుకలు మునిగెను. కాకతీయుల పనివారు ఏమి కలిపిరో అను ప్రశ్న అప్పుడు పుట్టెను. నోటు పుస్తకములో 1213 అని వ్రాయించి, ఫోటో తీయించి, పులిహోర పొట్లములు పంచి తీసికొనివచ్చినచో ఆ ప్రశ్న పుట్టియుండదు.

యెహోషువ గ్రంథము నాల్గవ అధ్యాయములో, యొర్దాను నడుమనుండి పండ్రెండు రాళ్లను ఎత్తించి గిల్గాలులో నిలువబెట్టించిన సంగతి మనమెరుగుదుము. అవి పూజకు కావు. రాబోవు కాలమున పిల్లలు ఈ రాళ్లేమిటని అడుగుటకు, పెద్దలు జవాబు చెప్పుటకు. అక్కడ వరుస గమనించుడి: మొదట రాయి, పిమ్మట పిల్లవాని ప్రశ్న, ఆ తరువాతనే పెద్దల నోరు. ఆ పిల్లలు నది ఆగుట చూచినవారు కారు. రాతిని చేతితో తాకవచ్చును, మిగిలినది నమ్మకస్థుల నోట వినవలసినదే. తాకి తెలిసికొనుట, విని తెలిసికొనుట రెండును మనకు అవసరమే. చూడనిదానిని చూచితినని చెప్పు పెద్దవాడు రెండవదానిని చెరుపును. చీకటిలో మొలకను మార్చు పెద్దవాడు రెంటిని చెరుపును. తోమా తాకి చూడవలెనన్నందుకు ప్రభువు వానిని వెళ్లగొట్టలేదు. తన చేతులు చూపెను. అడిగిన పిల్లవానిని తోమా అని ఎగతాళి చేయు ఉపాధ్యాయులు మనలో లేకపోలేదు.

"ఇప్పుడేం చేయాలె?" అని ఆమె అడిగినప్పుడు, వానితో చెప్పుమంటిని. మొక్కను చూచుకొని మురియుచున్నవానితో ఎట్లు చెప్పుదునని ఆమె రెండు వారములు ఊరకుండెను. పిమ్మట ఒకనాడు మధ్యాహ్నము వానిని ప్రక్కకు పిలిచి ఉన్నదున్నట్లు చెప్పెను. ఏడ్చునని ఆమె కొంగు సవరించుకొనెను గాని వాడు ఏడ్వలేదు. చాలసేపు చిప్పవైపు చూచి, "మరి ఇది ఎవల్ది?" అనెను. మా ఇంటిదని ఆమె చెప్పెను. "నా గింజ యాడుంది?"

ఇద్దరును మొక్క మొదట పుల్లతో మన్ను తీసి వెదకిరి. అడుగున నల్లబడిన తొక్క యొకటి దొరికెను, వ్రేలు తగులగానే నలిగిపోయెను. వాడు దానిని వాసన చూచి ముఖము చిట్లించెను. తరువాత ఇంకొక గింజ యడిగి పుచ్చుకొని, నీళ్లు ఎన్ని పోయవలెనని అడిగెను. తనకును సరిగా తెలియదని, పోసి చూతమని ఆమె చెప్పెను. ఆమె ఇంటి మొక్కను వారిద్దరు బడి ప్రహరీ ప్రక్కన నాటిరి. నేను మొన్న ఆ దారిని పోవుచు చూచితిని, పాదు గోడ యెక్కినది.