చిత్రమూ, యథార్థమూ

క్వార్కుల అనుకరణల నుంచి తీసిన రంగుల చిత్రాలను తరగతిలో చూపి, ప్రకృతి ఇదేనని చెప్పవచ్చునా? చెప్పరాదని నా అభిప్రాయం.

1974లో కెన్నెత్ విల్సన్ స్థలకాలాలను జాలకంగా భావించి, క్వార్కుల బంధాన్ని గణించే మార్గం చూపాడు. ఆ గణనలు ఇచ్చేది అంకెల రాశి. అందులో ఆకృతి కనబడాలంటే 'చల్లార్చడ'మనే పద్ధతితో అలజడిని అణచాలి. అప్పుడు ఇన్‌స్టాంటన్లనే ముద్దలు తేలుతాయి. అతిగా చల్లారిస్తే అవీ, వాటి ప్రతిరూపాలూ పరస్పరం రద్దయి మాయమవుతాయి. ఎక్కడ ఆపాలో నిర్ణయించేది ప్రకృతి కాదు, మనిషి.

అయితే అంతా మనస్సు కల్పితమేనని భావవాది సంతోషించనక్కరలేదు. టోపాలజీ ఒక పరీక్ష ఇస్తున్నది: హద్దును క్రమంగా మారుస్తూ పోతే ఏ ముద్ద, ఏ రంధ్రం చాలా దూరం నిలుస్తుందో గుర్తించడం. మన ఎంపిక మారినా నిలిచినదాన్ని మన ఎంపికే సృష్టించిందనలేము. కాని అది గణనలో నిలిచిందనే అర్థం. గణన ప్రకృతికి సరిపోయిందా అన్నది ప్రయోగమే తేల్చాలి. 2008లో జాలక గణన ప్రోటాన్ ద్రవ్యరాశిని ప్రయోగఫలితానికి దగ్గరగా రాబట్టింది. మన నమ్మకానికి ఆధారం అక్కడుంది, రంగులలో లేదు.

కనుక హద్దు ఎక్కడ పెట్టారో, ఎంత చల్లార్చారో చెప్పకుండా చిత్రం చూపడం విద్యార్థిని నమ్మమనడమే గాని, ఆలోచించమనడం కాదు. పురాణపఠనానికీ విజ్ఞానబోధనకూ భేదం ఇక్కడే ఉన్నది.