సీటు వస్తుందా? - ఈ ప్రశ్నకు నిజాయితీగల జవాబు

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక తండ్రి మా దగ్గరికి వచ్చారు. ఆయన కుమారుడు రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. "మౌలానా సాబ్, మా వాడికి ఐఐటీలో సీటు వస్తుందంటారా? కాలేజీ వాళ్ళు గ్యారంటీ అంటున్నారు. మా బావమరిదేమో మనలాంటి వాళ్ళకు అవెక్కడివి అంటున్నాడు" అన్నారు.

మదర్సాలో చదువుకున్న మాకెందుకు ఈ ప్రశ్న అని పాఠకులకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. అయితే సలహా ఒక అమానత్. అడిగినవాడిని సంతోషపెట్టడానికి ఒక మాట, వదిలించుకోవడానికి మరో మాట చెబితే అది ఖియానత్ అవుతుంది.

"తఖ్దీర్‌లో ఉంటే వస్తుంది" అనేయడం మాకు చాలా సులభం. ఆ మాట అబద్ధం కాదు. కానీ జవాబు వెతికే శ్రమ తప్పించుకోవడానికి దానిని వాడుకోవడం సరికాదు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళుతూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను పిలిచి సంప్రదించి వెనుదిరిగారు. ఇది విధి నుండి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగినప్పుడు, ఈ వెనుదిరగడం కూడా దైవవిధిలోనిదే అన్న భావంతో బదులిచ్చారు. కనుక ఉన్న సమాచారంతో అంచనా వేయడం అగోచర జ్ఞానం ఉందని చెప్పుకోవడం కాదు. "గ్యారంటీ" అనడమే ఆ హద్దు దాటడం.

ఇక సమాచారం చూద్దాం. 2025లో జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవారు 1,80,422 మంది. అర్హత పొందినవారు 54,378 మంది. ఐఐటీలన్నింటిలో సీట్లు 18,160. అంటే అర్హత పొందిన ముగ్గురిలో ఇద్దరికి సీటు లేదు. అడ్వాన్స్‌డ్ దాకా వచ్చినవారిని లెక్కిస్తే పదిమందిలో ఒకరికే సీటు. కాలేజీల హోర్డింగుల మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు ఉంటాయి. ఆ కాలేజీ నుండి మొత్తం ఎందరు పరీక్ష రాశారో మాత్రం ఉండదు.

అయితే పదిమందిలో ఒకరు అన్నది పదిమంది గురించిన మాట. ఈ పిల్లవాడు ఆ ఒక్కడా, మిగతా తొమ్మిదిమందిలో వాడా అన్నది ఆ లెక్క చెప్పదు. బావమరిది గారి పొరపాటు ఇక్కడే ఉంది. ఐఐటీ ప్రవేశంలో ఇంటి పేరు, తండ్రి వృత్తి ఎవరూ అడగరు. ర్యాంకే చూస్తారు. ఏ ఐఐటీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ముగిసిందో ఏటా కౌన్సెలింగ్ తర్వాత ప్రకటిస్తారు కూడా.

రిజర్వేషన్ విషయంలో మన ఇళ్ళలో ఒక అపోహ ఉంది. రాష్ట్రంలో బి.సి.-ఇ ధ్రువపత్రం ఉంటే ఐఐటీలోనూ ఓ.బి.సి. వర్తిస్తుందనుకుంటారు. కేంద్ర జాబితా వేరు. అందులో తమ వర్గం ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేనివారు ఆదాయం, ఆస్తి పరిమితుల లోపు ఉంటే 2019 నుండి అమలవుతున్న ఇ.డబ్ల్యు.ఎస్. కోటాకు దరఖాస్తు చేసుకోవచ్చు. పరీక్ష అయ్యాక తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేవారిని మేము చూశాం.

ఆ తండ్రి చేతిలోని మార్కుల కాగితాలు చూశాం. అవన్నీ కాలేజీ సొంత పరీక్షలవి. గత సంవత్సరాల అసలు ప్రశ్నపత్రాలను గడియారం పెట్టి రాయించమన్నాం. వచ్చిన మార్కులను ఆయా సంవత్సరాల ర్యాంకులతో పోల్చి చూడమన్నాం. రెండు వారాల తర్వాత ఆయన ఆ లెక్క తెచ్చారు. అప్పుడు దాచకుండా చెప్పాం: "భాయ్, సీటు వచ్చే అవకాశం ఉంది. రాకపోయే అవకాశం అంతకంటే ఎక్కువ. ఎన్ఐటీలకు, ఈఏపీసెట్‌కు కూడా సిద్ధం చేయించండి."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ మాట వాడితో చెప్పమంటారా?" అన్నారు.

"చెప్పండి. కానీ ఫలితాల రోజున కాదు, ఇప్పుడే చెప్పండి. సీటు రాకపోతే ఇంట్లో వాడి స్థానం ఏమిటో కూడా ఇప్పుడే చెప్పండి" అన్నాం.

"ఆదివారం ఔటింగ్ ఉంది. ఇంటికి తీసుకొస్తాను" అంటూ ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.