లక్కమ్మ అడిగిన లెక్క



పల్లెను విడిచి పట్టణమున కాపురము పెట్టిన దంపతుల కథ మన శరణచరిత్రలలో ఒకటి కలదు. వారు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మలు. అమరేశ్వర గ్రామమునుండి వారు కల్యాణనగరమునకు వచ్చిరి. నేడు కర్ణాటకమున బీదరు జిల్లాలోనున్న బసవకల్యాణమే ఆ నగరము. పండ్రెండవ శతాబ్దమున అది రాజధాని. బిజ్జలుని కొలువున భాండారమును చూచుచుండిన బసవన్న అచ్చటనే యుండెను. కన్నడమున ‘ఆయ్ద అక్కి’ యనగా ఏరిన బియ్యము. నేల రాలిన బియ్యపుగింజల నేరి తెచ్చుటయే మారయ్య కాయకము. ఆ గింజలతోనే వారి సంసారము, ఆ గింజలతోనే వారి దాసోహము.

ఒకనాడు మారయ్య ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. మరియొక ఇల్లాలైనచో సంతోషించియుండును. లక్కమ్మ సంతోషింపలేదు. ఇవి ఎక్కడివి, మనకు కావలసినది ఎంత, తెచ్చినది ఎంత యని ప్రశ్నించెను. మిగులు బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను మరల పంపెను.

ఈ కథను వైరాగ్యమునకు ఉదాహరణముగా పెద్దలు చెప్పుదురు. అది నిజమే. కాని నేడు నేను దీనిని సంసారపు లెక్కగా మనవి చేయదలచితిని. ఎక్కడివి? ఎంత కావలెను? ఈ రెండు ప్రశ్నలు వేయువారు ఇంట లేనందుననే పట్టణములందు మన కుటుంబములు అనేకములు అప్పులపాలగుచున్నవి.

గత సంవత్సరము బసవజయంతి దినములలో హైదరాబాదున కూకట్‌పల్లియందు ఒక భక్తుని యింటికి భిక్షకు పోయితిని. వారిది జహీరాబాదు ప్రాంతపు పల్లె. అతడు పటాన్‌చెరువున ఒక కర్మాగారమున పనిచేయుచుండెను. పూజ ముగిసిన పిదప ఆ ఇల్లాలు కన్నీరు పెట్టుకొని, “స్వామీ, నెలకు ముప్పదివేలు చేతికి వచ్చుచున్నవి. ఇరువదవ తేదీకి ఇంట రూపాయి యుండదు. ఊరిలోని రెండెకరములు అమ్ముదమని వీరనుచున్నారు” అనెను. భర్త తల వంచుకొనెను.

ఒక కాగితము తెప్పించి లెక్క వ్రాయుమంటిని. ఇంటి అద్దె 14,000. తిండికి 8,000. పిల్లల బడికి 4,000. రాకపోకలకు 4,000. కరెంటు, గ్యాసు, ఫోనులకు 2,000. మందులకు 1,500. మొత్తము 33,500 రూపాయలు. అనగా నెలనెలా 3,500 లోటు. ఆ లోటు క్రెడిట్ కార్డుమీద పడుచుండెను. అంతకుముందే బిడ్డ లింగధారణకు చేసిన విందు ఖర్చును ఆ కార్డుమీదనే యుండెను. అప్పటికి బాకీ 40,000. నెలకు నూటికి మూడున్నర చొప్పున వడ్డీయే 1,400 రూపాయలు. కార్డువారు చెప్పిన కనీసపు మొత్తమును మాత్రమే అతడు కట్టుచుండెను. మరల ఆ కార్డునే వాడుచుండెను. ఇక అసలు తరుగుట ఎట్లు?

ఆ బాకీసంగతి ఇల్లాలికి ఆనాటివరకు తెలియదు. “ఏమండీ, ముందే చెప్పియుంటే ఆ విందు సగములోనే ముగించెడివారము గదా!” అని ఆమె అనెను. ఆ మాటలో నాకు లక్కమ్మ గొంతు వినబడినది. మారయ్య తెచ్చిన బియ్యము లక్కమ్మ కంటబడెను గనుక ఆమె అడుగగలిగెను. దాచిన అప్పును ఏ లక్కమ్మ అడుగగలదు? కావున పట్టణ సంసారమునకు మొదటి నియమము ఇదియే: ఆదాయము, అప్పు భార్యాభర్తలిద్దరికిని తెలిసియుండవలెను. నెలకొకనాడు ఇష్టలింగపూజానంతరము ఇద్దరును కూర్చుండి లెక్క చూచుకొనవలెను. అదియు పూజలో భాగమే యని నేననుకొందును.

రెండవది, ఇల్లు కాయకమునకు దగ్గరగా నుండవలెను. కూకట్‌పల్లికిని పటాన్‌చెరువునకును పదునైదు కిలోమీటర్లకు మించిన దూరము. అంత దూరమున ఎందుకుంటిరని అడిగితిని. చుట్టములు వచ్చినపుడు మర్యాదగా నుండునని జవాబు వచ్చినది. చుట్టములు ఏటికి నాలుగుమార్లు వత్తురు. అద్దె పండ్రెండుమార్లు వచ్చును. జూనులో బడులు తెరచుటకు ముందే వారు పటాన్‌చెరువునకు మారిరి. అచ్చట అద్దె 9,000. రాకపోకల ఖర్చు 1,500కు దిగినది. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు గనుక ఇల్లాలి ప్రయాణములకు ఖర్చే లేదు. కార్డును వాడుట మానిరి. ఇప్పుడు వారి ఖర్చు 26,000. మిగిలిన నాలుగువేలలో 3,500 బాకీకి, 500 దాసోహమునకు. ఈ రీతిని కట్టినచో ఆ బాకీ పదునైదు నెలలలో తీరును. నేటికి సగమునకు పైగా తీరినది. పొలము అమ్ముడుపోలేదు.

“అప్పు తీరువరకు ఆ ఐదువందలును ఎందులకు స్వామీ?” అని అతడు నన్నడిగెను. అడుగదగిన ప్రశ్నయే. మారయ్య లక్కమ్మలు ధనవంతులై దాసోహము చేయలేదు. ఏరిన గింజలలోనే చేసిరి. ఇచ్చుటకు కొంత తీసి పెట్టుకొనినవాడు తక్కినదానిని విచ్చలవిడిగా వాడలేడు. చేయి చాచుట కంటె చేయి ఇచ్చుట అలవాటైన ఇంట పిల్లలు వేరొక రీతిని పెరుగుదురు. పొదుపు వేరు, లోభము వేరు. ఆకలిగొన్నవాని ముందు తలుపు మూయుట పొదుపు కానేరదు.

అయితే బంధువులారా, ఒక మాట న్యాయముగా చెప్పవలెను. పట్టణమున బీదవాని కష్టమంతయు అతని దుబారా వలననే కలిగినది కాదు. ఎంత పొదుపు చేసినను చాలని జీతములు కలవు. రోగమొకటి వచ్చినచో తలక్రిందులగు సంసారములు కలవు. వారికి పొదుపును బోధించి చేతులు దులుపుకొనుట ధర్మము కాదు. కావున ఇకమీది మాటలు మనలో ఇండ్లు, ఆస్తులు గలవారికి.

మీ ఇంట అద్దెకున్నవాడును కాయకజీవియే. 2021లో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు పంపిన మాదిరి అద్దె చట్టము, నివాసగృహములకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని చెప్పుచున్నది. ఆ చట్టమును ఏ రాష్ట్రమెప్పుడు స్వీకరించునో యని చూడవలదు. శరణుని ఇంట అది నేడే అమలు కావచ్చును. ఇల్లు ఖాళీ చేయునపుడు అడ్వాన్సును మాటప్రకారము తిరిగి యిండు. లక్కమ్మ వేసిన రెండవ ప్రశ్న మీకును వర్తించును: మీకు కావలసినది ఎంత?

మఠములవారికిని ఒక మనవి. తుమకూరున సిద్ధగంగామఠము అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును వేలాది విద్యార్థులకు నడుపుచున్నది. అంతటి పని అందరికిని సాధ్యము కాకపోవచ్చును. పట్టణమందలి ప్రతి మఠమును ఆస్పత్రికి, పరీక్షలకు వచ్చు బీదలకొరకు రెండు గదులను విడిచిపెట్టగలదు. ఆ రెండు గదులు ఎన్ని కుటుంబములను అప్పునుండి కాపాడునో ఆలోచింపుడు.

ఈ నెల జీతము చేతికి రాగానే ఒక కాగితము తీయుడు. దంపతులిద్దరును కూర్చుండుడు. ఎక్కడివి, ఎంత కావలెను అని ఒకరినొకరు అడుగుడు. కోపము రాక, దాపరికము లేక ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఇల్లు ఏ సందులోనున్నను, ఎంత చిన్నదైనను, అది కల్యాణమే.