పాదసేవ

శరీరావయవములలో గొప్పవి, తక్కువవి యను భేదము కలదా? కలదనియే మన వ్యవహారము చెప్పుచున్నది. శిరస్సునకు ఉత్తమాంగమని పేరు. పాదమునకట్టి బిరుదు లేదు. అయినను పెద్దల పాదములకు మ్రొక్కుదుము. వరుని కాళ్లు కడిగి కన్యనిత్తుము. భరతుడు పాదుకలకు పట్టముగట్టెనని పిల్లలకు చెప్పి మురియుదుము. అదే కాలు పొరపాటున నొకరికి తగిలినచో అపచారమందుము. ఒకే అవయవమును పూజించుటయు, ఈసడించుటయు మనకే చెల్లినది.

రెండేండ్ల క్రిందట నా పూర్వశిష్యుడొకడు ఇంటికి వచ్చెను. అమెరికాలో పెరిగిన తన మేనకోడలు పాదవైద్యము చదువ నిశ్చయించుకొన్నదట. ఇంట నెవరికిని అది సమ్మతము కాదట. "గుండె వైద్యమో, మెదడు వైద్యమో అయిన సరే. ఈ కాళ్లు పట్టుకొను వైద్యమేమిటండీ మాస్టారూ? సంబంధములు చూచునప్పుడు ఏమని చెప్పుకొందుము?" అనెను. నేనును నవ్వితిని. ఆ నవ్వునకు నేడు సిగ్గుపడుచున్నాను.

ఆ విద్య ఎట్టిదో తరువాత విచారించితిని. అమెరికాలో అది ప్రత్యేక వైద్యశాఖ. కళాశాలలో 4 సంవత్సరములు, ఆసుపత్రి శిక్షణలో 3 సంవత్సరములు గడపవలెను. ఔషధమిచ్చుటయే కాక శస్త్రచికిత్సయు చేయవలెను. ఒక్కొక్క పాదమున 26 ఎముకలు కలవు. శరీరమందలి ఎముకలలో నాలుగవవంతు ఆ రెండు పాదములలోనే యున్నవి. అచ్చటను ఈ వృత్తికి తొలుత గౌరవము లేదు. ఊరూర తిరిగి ఆనెకాయలు కోయువారే దీనికి పూర్వులు. 1862 సెప్టెంబరులో, అనగా బానిసల విముక్తికి తొలి ప్రకటన వెలువడిన నెలలోనే, అధ్యక్షుడు లింకను తన పాదములకు చికిత్స చేసిన జకారీ యను నతనికి యోగ్యతాపత్రము వ్రాసియిచ్చెను. 1911లో న్యూయార్కున దీనికి పాఠశాల ఏర్పడెను. చేతిపని ఈ విధముగా శాస్త్రమైనది.

శాస్త్రమగుట ఎందుకవసరమో మధుమేహము చెప్పుచున్నది. 2021 నాటికి మన దేశమున సుమారు 10 కోట్లమందికి ఈ వ్యాధి కలదని 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము అంచనా వేసినది. వ్యాధి ముదిరిన కొలది కొందరికి పాదముల నరములు చెడి స్పర్శ పోవును, రక్తప్రసారము తగ్గును. ముల్లు దిగినను తెలియదు. తెలియదు గనుక నడచుచునే యుందురు. పుండు లోనికి ప్రాకును. వెల్లూరులో కుష్ఠరోగులకు చికిత్స చేసిన పాల్ బ్రాండ్ వైద్యుడు, వారి కాలిపుండ్లలో పెక్కింటికి మూలము నొప్పి తెలియక తగిలించుకొన్న గాయములే యని గ్రహించెను. అమెరికాకు వెళ్లిన పిమ్మట ఆ యెరుకయే మధుమేహరోగుల పాదరక్షణకును ఉపయోగపడినది. నొప్పి శత్రువు కాదు; కావలివాడు. కావలివాడు లేని యింటికి వేరొకరి కన్ను కావలెను.

ఇది చదివిన రాత్రి మా మేనమామ నాకు జ్ఞప్తికి వచ్చెను. ఆయనకు ఇరువదియేండ్లు మధుమేహము. ప్రతి యుగాదికిని ఆయన పాదములకు నమస్కరించితిని. ఒక సంవత్సరము ఆయన అరికాలిలో చెప్పుమేకు గ్రుచ్చుకొని పుండైనది. ఆయనకు బాధ లేదు. మాకు చూపు లేదు. దుర్వాసన వచ్చు నాటికి ఆలస్యమైనది. మోకాలి క్రిందికి కాలు తీసివేసిరి. ఆ పుండున్న దినములలోనే నేనాయనకు మ్రొక్కితిని. పాదముల పైభాగమును తాకి కన్నుల కద్దుకొంటిని. అరికాలు త్రిప్పి చూచినవాడను కాను.

చూడని భక్తి భక్తి యగునా? వంగుటకు అరనిమిషము చాలును. దీపము తెచ్చి, కాలు ఒడిలో పెట్టుకొని, వ్రేళ్లసందులు పరీక్షించుటకు ఓర్పు కావలెను. ఆ పనిని మనము తక్కువ పనియంటిమి. గోళ్లు తీయు మంగలిని, చెప్పులు కుట్టువానిని వాకిటనే నిలిపితిమి. సమాజమును దేహముతో పోల్చి, కొందరిని పాదస్థానమున నుంచి, పాదమగుటయే నేరమన్నట్లు వారిని చూచితిమి. కాళ్ల వైద్యమనగానే మా శిష్యునికి కలిగిన సంకోచమునకును, నా నవ్వునకును వేరు అచ్చటనే యున్నది.

ఒక్క అవయవమునకే జీవితమర్పించిన వైద్యుడు మనుష్యుని మరచునని కొందరందురు. అట్లయిన కంటివైద్యునికిని ఆ మాట చెల్లవలెను. ఆయనను మనమెన్నడు నట్లు ప్రశ్నించితిమి? మన దేశమున ఇది ప్రత్యేక వృత్తిగా నింకను వేళ్లూనలేదనుట నిజము. ఈ పని చాలవరకు శస్త్రవైద్యులును, మధుమేహవైద్యులును చేయుచున్నారు. ఎక్కువ అక్కర యున్నచోట తక్కువమంది యున్నారనుటకు అది నిదర్శనమే కాని, ఆ చదువు వలదనుటకు కారణము కాదు.

మరునాడు శిష్యుని పిలిపించి మా మేనమామ కథ చెప్పితిని. "నాయనా, ఆ యమ్మాయివంటివారు ఒకరు మా యింట నుండినచో ఆయన మరి కొన్నాళ్లు తన కాళ్లమీద నడచియుండును" అంటిని. అతడు మారుపలుకక వెడలెను.

ఆ బాలిక కళాశాలలో చేరినది. ఇంటివారు బంధువులతో "మా పిల్ల డాక్టరు చదువుచున్నది" అని గర్వముగనే చెప్పుచున్నారట. ఏ డాక్టరని యెవరైన అడిగినచో మాత్రము మాట మార్చుచున్నారట.